పేపరు కొనడం మానేసిన ఊరు

హాస్టల్లో అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ చుట్టూ మూగి ఫుట్‌బాల్ చూసే బ్యాచ్‌కి లివర్‌పూల్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఆ బ్యాచ్‌లో కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఊళ్ళో చాలా షాపుల్లో 'ది సన్' అనే దినపత్రిక దొరకదు. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన పేపరు అది. దాన్ని అక్కడ ప్రభుత్వం నిషేధించలేదు, కోర్టు ఆపమనలేదు. జనమే కొనడం మానేశారు. 1989 ఏప్రిల్‌లో మానేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టలేదు. అప్పటికి పుట్టని పిల్లలు కూడా పెద్దయ్యాక కొనడం లేదు.

దీని గురించి రాయాలని నాకు 2025 జూన్‌లో అనిపించింది. జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర ఆర్‌సీబీ విజయోత్సవానికి వచ్చినవాళ్ళలో 11 మంది చనిపోయారు. ఇంకా పేర్లు కూడా బయటికి రాకముందే మా రూమ్‌లో ఒకడు అన్నాడు: "ఎవడు వెళ్ళమన్నాడు రా వీళ్ళని?" వాడు చెడ్డవాడు కాదు. ఆ మాట వాడి సొంతం కూడా కాదు. ఇలాంటి వార్త ఎప్పుడు వచ్చినా ముందుగా నోటికి వచ్చే మాటే అది. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎవరు వాడుకుంటారో అర్థం కావాలంటే లివర్‌పూల్ కథ తెలియాలి.

ఆ రోజు ఏం జరిగింది?

1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ మధ్య. ఆట మధ్యాహ్నం 3 గంటలకి.

లివర్‌పూల్ అభిమానులకి ఇచ్చిన వైపు పేరు లెపింగ్స్ లేన్. అక్కడ నిలబడి చూసే మెట్ల భాగానికి 10,100 టికెట్లు అమ్మారు. అంతమందీ లోపలికి పోవడానికి ఉన్నవి ఏడు తిరుగుడు గేట్లు, అంటే ఒక్కొక్కరినే వదిలేవి. మీ కాలిక్యులేటర్ తీయండి. ఒక్కో గేటుకి 1,400 మందికి పైనే. ఒక్కో మనిషికి అయిదారు సెకన్లు వేసుకున్నా రెండు గంటలు దాటుతుంది. ఆట టైముకి గంట ముందు ఎక్కువమంది వస్తారని ఎవరికైనా తెలుసు. అంటే ఇబ్బంది జనం గేటు దగ్గరికి రాకముందే లెక్కలో ఉంది.

రెండున్నర దాటేసరికి గేట్ల బయట ఊపిరాడనంత ఒత్తిడి. దాన్ని తగ్గించడానికి మ్యాచ్ బందోబస్తుకి బాధ్యుడైన చీఫ్ సూపరింటెండెంట్ డేవిడ్ డకెన్‌ఫీల్డ్ 2 గంటల 52 నిమిషాలకి 'సి' అనే పెద్ద గేటు తెరవమని ఆదేశం ఇచ్చాడు. ఆయన ఆ పోస్టులోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. గేటు తెరిచాక సుమారు 2,000 మంది లోపలికి నడిచారు. ఎదురుగా ఒక సొరంగం లాంటి దారి. అది నేరుగా మధ్యలో ఉన్న 3, 4 నంబర్ల అరల్లోకి పోతుంది. ఆ రెండూ అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క అరల్లో చోటుంది, కానీ అటు పొమ్మని చెప్పేవాళ్ళు లేరు. అంతకు ముందు ఏడాది ఇదే మైదానంలో ఇదే సెమీఫైనల్‌కి, మధ్య అరలు నిండగానే సొరంగం మూసి జనాన్ని పక్కలకి పంపారు. ఈసారి ఆ పని జరగలేదు.

మన ఊరి భాషలో చెప్పాలంటే గుంటూరు మిర్చి యార్డు గుర్తు తెచ్చుకోండి. సీజన్లో టిక్కీలు లక్షల్లో వచ్చి పడతాయి. లోపల సరుకు కదలకుండా పేరుకుపోతే యార్డు వాళ్ళు ఏం చేస్తారు? సెలవు ప్రకటిస్తారు, సరుకు తేవొద్దని రైతులకి ముందే చెబుతారు. లోపల నిండినప్పుడు ఆపాల్సింది బయటే అని అక్కడ ముఠా కూలీకి కూడా తెలుసు. లోపలికి ఎంత వస్తోంది, లోపల ఎంత పడుతుంది, బయటికి ఎంత పోతోంది. ఇవి మూడూ చూసే మనిషి ఒకడుండాలి. హిల్స్‌బరోలో పైన అద్దాల గదిలో, ఆ అరలు కళ్ళ ముందే కనిపించే చోట పోలీసు అధికారులు ఉన్నారు. అయినా గేటు తెరుచుకుంది, సొరంగం మూసుకోలేదు.

అరలకి మూడు వైపులా కంచె, ముందు మైదానం వైపు ఎత్తైన ఇనుప వల. 3 గంటల 6 నిమిషాలకి ఆట ఆపారు. అప్పటికే చాలామందికి ఆలస్యమైపోయింది. ఈ దుర్ఘటనలో చివరికి 97 మంది చనిపోయారు. 97వ వ్యక్తి ఆ రోజు తగిలిన గాయాలతోనే 32 ఏళ్ళు బతికి 2021లో పోయాడు. గాయపడ్డవాళ్ళు 700 మందికి పైనే.

తొక్కిసలాట అనే మాట గురించి

ఇలాంటి వార్తలకి మన దగ్గర ఒకటే మాట: తొక్కిసలాట. ఒక్కసారి ఆ మాటని పలికి చూడండి. కొట్లాట, పోట్లాట, కుమ్ములాట. చెవికి అది ఆ కుటుంబంలో మాటే. జనమే ఒకళ్ళనొకళ్ళు ఏదో చేసుకున్నట్టు వినిపిస్తుంది. వెర్రెత్తి పరిగెత్తారు, తొక్కుకున్నారు, చచ్చారు. మాటలోనే తీర్పు ఉంది.

కానీ చాలా దుర్ఘటనల్లో జరిగేది అది కాదు. గుంపుల కదలికల మీద పనిచేసిన జాన్ ఫ్రూయిన్ అనే ఇంజనీరు 1993లోనే ఈ సంగతి రాశాడు. చదరపు మీటరుకి సుమారు ఏడుగురు చేరేసరికి గుంపు దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. మనిషి తన కాళ్ళ మీద తాను నడవడం అయిపోతుంది. ఎక్కడో వెనక పుట్టిన తోపు అలలా ముందుకొస్తుంది. ఇనుప కమ్మీలు వంగిపోయిన తీరుని బట్టి అక్కడ 4,500 న్యూటన్లకి పైగా బలం పడిందని లెక్కగట్టారు. సుమారుగా అర టన్ను బరువు ఒక ఛాతీ మీద ఆనినట్టు. ఊపిరి లోపలికి పోవాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి. విచ్చుకునే చోటు లేకపోతే మనిషి నిలబడే చనిపోతాడు. కింద పడక్కర్లేదు, ఎవరూ తొక్కక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. వెనక ఉన్నవాడికి ముందు ఏం జరుగుతోందో కనబడదు. సొరంగంలోంచి వస్తున్న కుర్రాడికి తన ముందు పది అడుగుల్లో ఉన్న వీపులు మాత్రమే కనిపిస్తాయి. వాడు నడుస్తున్నాడు, అంతే. ముందు చనిపోతున్నవాళ్ళ మీద పడుతున్న బలంలో తన భాగం ఉందని వాడికి తెలిసే దారి లేదు. గుంపు మొత్తాన్ని చూడగలిగేది పైనుంచి చూసేవాళ్ళే. అందుకే బాధ్యత కూడా మొదట వాళ్ళదే.

అబద్ధం ఎలా ప్రయాణం చేసింది

మొదటి అబద్ధం పేపర్లో పుట్టలేదు. 3 గంటల 15 నిమిషాల ప్రాంతంలో, అంటే మనుషులు ఇంకా మైదానం గడ్డి మీద ప్రాణాలతో కొట్టుకుంటున్నప్పుడే, ఫుట్‌బాల్ సంఘం ప్రతినిధులు పోలీసుల గదికి వచ్చి ఏమైందని అడిగారు. అభిమానులే గేటు బద్దలుకొట్టి వచ్చారని డకెన్‌ఫీల్డ్ చెప్పాడు. గేటు తెరవమన్నది ఆయనే. ఆ మాట గంటల్లోనే రేడియోలకీ టీవీలకీ పాకింది. తాను చెప్పింది అబద్ధమని ఆయన ఒప్పుకున్నది 2015లో, న్యాయ విచారణ బోనులో. మధ్యలో ఇరవై ఆరేళ్ళు.

రెండో మెట్టు ఒక వార్తా సంస్థ. షెఫీల్డ్‌లోని వైట్స్ అనే చిన్న ఏజెన్సీకి కొందరు పోలీసులు, స్థానిక ఎంపీ ఇర్విన్ ప్యాట్నిక్, పోలీసు సంఘం నాయకుడు కొన్ని కథలు చెప్పారు. తాగిన అభిమానులు శవాల జేబులు కొట్టారట, సాయం చేస్తున్న పోలీసుల మీద మూత్రం పోశారట, ఊపిరి ఊదుతున్న కానిస్టేబుల్‌ని కొట్టారట. ఏజెన్సీ ఆ కథనాన్ని దేశంలోని పేపర్లన్నిటికీ పంపింది.

ఈ ఆరోపణల్ని వేసిన పేపరు 'ది సన్' ఒక్కటే కాదు. ఇంకొన్ని కూడా వేశాయి. కానీ వాటిలో చాలావరకు ఫలానా వాళ్ళు ఆరోపిస్తున్నారు అనే పద్ధతిలో రాశాయి. ఏప్రిల్ 19న 'ది సన్' ఎడిటర్ కెల్విన్ మెకెంజీ మొదటి పేజీ నిండా పెద్ద అక్షరాలతో ఒకే శీర్షిక పెట్టాడు. దాని అర్థం తెలుగులో "నిజం". దాని కింద ఆ మూడు ఆరోపణలూ మూడు వరుసల్లో. ఆ వార్త రాసిన విలేఖరి హ్యారీ ఆర్నాల్డ్ తన కాపీలో వాటిని ఆరోపణలుగానే రాశాననీ, శీర్షిక చూసి ఇది పెట్టకూడదని ఎడిటర్‌తో అన్నాననీ తర్వాత చెప్పాడు.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఉంది. లోపల కథనంలో "అన్నారు", "ఆరోపించారు" అనే మాటలు ఉండొచ్చు. పైన "నిజం" అని పెట్టాక అవి ఎవరికి కనిపిస్తాయి? ఎవరు చెప్పారు, వాళ్ళకి అలా చెప్పాల్సిన అవసరం ఏముంది అనే ప్రశ్న మొత్తం ఒక్క మాటతో చెరిగిపోయింది. ఆరోపణలు చేసింది ఎవరు? ఆ రోజు తప్పు ఎవరిదని తేలితే ఎక్కువ నష్టపోయేది ఎవరో, వాళ్ళు.

మరి నిజంగా జరిగిందేమిటి? అభిమానులు మైదానం చుట్టూ ఉన్న ప్రకటన బోర్డులు పీకి వాటిని స్ట్రెచర్లుగా చేసి తోటివాళ్ళని మోసుకెళ్ళారు. నలభైకి పైగా అంబులెన్సులు స్టేడియం దాకా వచ్చాయి, మైదానంలోకి రాగలిగినవి రెండు మూడే. ఆ గంటలో సాయం చేసినవాళ్ళలో చాలామందిని నాలుగు రోజుల తర్వాత పేపరు దొంగలని రాసింది.

జనం ఎందుకు నమ్మారు?

ఊరికే నమ్మలేదు. నాలుగేళ్ళ ముందు, 1985 మే 29న, బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో కొందరు లివర్‌పూల్ అభిమానులు ఎదుటివాళ్ళ మీదికి దూసుకుపోవడం, గోడ కూలడం, 39 మంది చనిపోవడం జరిగింది. అది నిజంగా జరిగిన విషయం. దాచాల్సింది కాదు. ఫుట్‌బాల్ అభిమాని అంటే తాగుబోతు, రౌడీ అనే బొమ్మ అప్పటికే దేశం మనసులో ఉంది. మైదానాలకి ఇనుప వలలు పెట్టిందే ఆ భయంతో. అదే వలలు హిల్స్‌బరోలో మనుషుల్ని బయటికి రానివ్వలేదు. పైగా లివర్‌పూల్ అంటే రేవు పనులు పోయి, నిరుద్యోగం పెరిగి, ప్రభుత్వంతో గొడవపడుతున్న ఊరు. వాళ్ళంతేలే అనుకోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. అబద్ధం కొత్తగా ఏమీ చెప్పలేదు, పాత బొమ్మకి కొత్త తేదీ వేసింది.

మా నరసరావుపేట వైపు పత్తి వేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతి. మొలక రాకపోతే, కాయ పట్టకపోతే ముందుగా వచ్చే మాట "రైతు సరిగ్గా యాజమాన్యం చెయ్యలేదు" అని. విత్తనం నకిలీదేమో అనే అనుమానం ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. ఖాళీ సంచీ, బిల్లు దాచుకున్న రైతుకి ఏదైనా పరిహారం దక్కుతుంది, దాచుకోనివాడికి మాట పడటమే మిగులుతుంది. ముందు మాట్లాడేది ఎప్పుడూ కార్యాలయం ఉన్నవాడే. పొలంలో ఉన్నవాడు ఇంకా ఏం పోయిందో చూసుకుంటూ ఉంటాడు. హిల్స్‌బరో కుటుంబాలు కూడా ఆ నాలుగు రోజులు శవాల్ని గుర్తుపట్టే పనిలో, అంత్యక్రియల పనిలో ఉన్నాయి. వాళ్ళకి పత్రికా సమావేశం పెట్టే తీరిక లేదు.

ఊరు ఏం చేసింది

పేపరు వచ్చిన రోజుల్లోనే లివర్‌పూల్ పక్కన కర్క్‌బీలో జనం ప్రతుల్ని రోడ్డు మీద తగలబెట్టారు. షాపుల వాళ్ళు తెప్పించడం మానేశారు, కొందరు తెప్పించినా బయట పెట్టలేదు. ఆ ప్రాంతంలో అమ్మకాలు కుప్పకూలాయి. దీనికి ఒక నాయకుడు లేడు, ఆఫీసు లేదు. మంగలి షాపులో ఆ పేపరు ఉంటే కస్టమరు లేచి వెళ్ళిపోవడం, టాక్సీల మీద కొనవద్దనే స్టిక్కర్లు, స్టేడియంలో బ్యానర్లు. ఫుట్‌బాల్‌లో ఎప్పుడూ పడని ఎవర్టన్ అభిమానులు కూడా ఇందులో కలిశారు. ఒకే ఇంట్లో అన్న ఎర్ర జెర్సీ, తమ్ముడు నీలం జెర్సీ వేసే ఊరు అది. చనిపోయినవాళ్ళు అందరి వాళ్ళూ.

2004లో 'ది సన్' పూర్తి పేజీలో క్షమాపణ వేసింది, తన చరిత్రలో అతి ఘోరమైన తప్పు అదేనని ఒప్పుకుంది. ఊరు ఒప్పుకోలేదు. 2017లో లివర్‌పూల్ క్లబ్, తర్వాత ఎవర్టన్ కూడా ఆ పేపరు విలేఖరుల్ని తమ మైదానాల్లోకి రానివ్వకుండా చేశాయి.

ఫ్లోరియన్ ఫూస్, డానియల్ బిషాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ బహిష్కరణని ఒక సహజ ప్రయోగంగా తీసుకున్నారు. 'ది సన్' ఏళ్ళ తరబడి యూరోపియన్ యూనియన్‌కి వ్యతిరేకంగా రాసిన పేపరు. అది చదవడం మానేసిన ప్రాంతంలో ఆ వ్యతిరేకత మిగతా చోట్ల కంటే తగ్గిందని వాళ్ళు తేల్చారు. 2016 రెఫరెండంలో ఇంగ్లండ్ మొత్తం మీద బయటికి పోదామనేవాళ్ళు గెలిచినా, లివర్‌పూల్‌లో 58 శాతం ఉండిపోదామనే ఓటు వేశారు. దానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ మనం రోజూ చదివేది మనల్ని ఎంతగా మలుస్తుందో చూపించే ఉదాహరణ ఇంత శుభ్రంగా దొరకడం అరుదు.

నిజం ఎలా బయటికొచ్చింది

పేపరు కొనడం మానేస్తే నిజం దానంతటదే బయటికి రాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. 1989 ఆగస్టులోనే లార్డ్ జస్టిస్ టేలర్ విచారణ నివేదిక ప్రధాన కారణం పోలీసుల నియంత్రణ వైఫల్యమేనని చెప్పింది. అయినా అబద్ధం బతికే ఉంది. 1991లో మొదటి మరణ విచారణ ప్రమాదవశాత్తూ మరణం అని తేల్చింది. పైగా 3 గంటల 15 నిమిషాల తర్వాత జరిగినదేదీ చూడనక్కర్లేదన్నారు. అప్పటికే అందరికీ ప్రాణాంతకమైన దెబ్బ తగిలిందని వాదన. అంటే అంబులెన్సులు ఎందుకు రాలేదని అడగడానికే వీల్లేదు. కొడుకుని పోగొట్టుకున్న ఆన్ విలియమ్స్ అనే తల్లి తన బిడ్డ ఆ టైము దాటాక కూడా బతికే ఉన్నాడని సాక్షుల్ని ఒక్కొక్కరినీ వెతికి పోగుచేసింది. ఇరవై ఏళ్ళకి పైగా పోరాడి 2013 ఏప్రిల్‌లో, కొత్త విచారణ మొదలు కాకముందే క్యాన్సర్‌తో పోయింది.

2012 సెప్టెంబరు 12న స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చింది. బిషప్ జేమ్స్ జోన్స్ అధ్యక్షుడు. వాళ్ళు చూసినవి నాలుగున్నర లక్షల పేజీలు. పోలీసుల వాంగ్మూలాల్లో 164 గణనీయంగా మార్చినవి. వాటిలో 116 చోట్ల పోలీసులకి ఇబ్బంది కలిగించే మాటల్ని తీసేశారు లేదా మార్చారు. చనిపోయినవాళ్ళకి, పిల్లలతో సహా, రక్తంలో మద్యం ఉందేమోనని పరీక్షలు చేశారు.  చనిపోయినవాళ్ళలో 41 మందికి బతికే అవకాశం ఉండేదని కూడా తేలింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మర్నాడు 'ది సన్' మొదటి పేజీలో "అసలైన నిజం" అనే అర్థమొచ్చే శీర్షిక పెట్టింది. ఇరవై మూడేళ్ళ ఆలస్యం.

పాత తీర్పు రద్దయింది. 2014లో మొదలైన కొత్త విచారణలో 2016 ఏప్రిల్ 26న జ్యూరీ ఇది చట్టవిరుద్ధమైన చావు అని, అభిమానుల తప్పేమీ లేదని చెప్పింది. ఆ మర్నాడు 'ది సన్' మొదటి పేజీలో ఆ వార్తే లేదు.

శిక్షలంటారా? డకెన్‌ఫీల్డ్ 2019లో నిర్దోషిగా విడుదలయ్యాడు. మొత్తం ఈ వ్యవహారంలో శిక్ష పడింది ఒక్కరికి, అప్పటి క్లబ్ కార్యదర్శికి, తిరుగుడు గేట్ల విషయంలో భద్రతా నియమం పాటించనందుకు 6,500 పౌండ్ల జరిమానా. ప్రభుత్వ అధికారులు విచారణల్లో నిజమే చెప్పి తీరాలనే చట్టం కోసం కుటుంబాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది 2025 సెప్టెంబరులో.

మన దగ్గరికొస్తే

2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభ దగ్గర 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న గుంటూరు వికాస్‌నగర్‌లో సంక్రాంతి కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు మహిళలు పోయారు. ఒకటి పాత ప్రకాశం జిల్లా ఊరు, ఇంకోటి మన ఊరే. ఆ వారం మీరు ఏం చదివారో గుర్తుందా? ఇరుకు సందులో సభ పెట్టారని ఒక పక్షం, బందోబస్తు ఇవ్వలేదని ఇంకో పక్షం. ఏ ఇంట్లో ఏ పేపరు వస్తే ఆ ఇంట్లో ఆ కథ. రాజకీయ పక్షాలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మామూలే. నన్ను బాధపెట్టింది రెండు పక్షాల మాటల్లోనూ కామన్‌గా ఉన్న ఇంకో మాట. "చీర కోసం ఎగబడ్డారు."

క్యూలో గంటల తరబడి నిలబడిన ఆడవాళ్ళు ఎగబడ్డారా, లేక వెనక నుంచి పడిన ఒత్తిడికి కదిలారా? రెండూ ఒకటి కాదు. వచ్చేది ఎంతమందో అంచనా వేశారా? ఎన్ని కౌంటర్లు? బ్యారికేడ్ల మధ్య దూరం ఎంత? నిండితే ఆపే మనిషి ఎవరు? ఇవి ఇంజనీరింగ్ ప్రశ్నలు. వీటికి కాగితం మీద జవాబు ఉంటుంది. "ఎగబడ్డారు" అన్నాక ఆ కాగితం ఎవరూ అడగరు. చిన్నస్వామి సంగతీ అంతే. సుమారు 35 వేల మంది పట్టే స్టేడియం, ఉచిత ప్రవేశం మీద గందరగోళం, మూసిన గేట్లు, ముందు రోజే కప్పు గెలిచిన జట్టు. దీనికి "పిచ్చి అభిమానులు" అనే మాట ఏ జవాబూ ఇవ్వదు.

ఇప్పుడు పేపరు బాధ్యత మన జేబులోకి కూడా వచ్చింది. మొదటి పేజీ శీర్షిక పెట్టే ఎడిటర్ ఒకప్పుడు ఒక్కడు. ఇప్పుడు ఫార్వర్డ్ నొక్కే ప్రతి ఒక్కడూ ఎడిటరే, కానీ తన పేరు మీద కేసు పడుతుందన్న భయం కూడా లేని ఎడిటర్.

అందుకే ఇలాంటి వార్త వచ్చిన మొదటి రోజు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. మీరూ వేసుకోండి.

ఒకటి, ఈ మాట మొదట ఎవరు చెప్పారు? చెప్పినవాళ్ళకి ఇందులో పోయేది ఏమైనా ఉందా? రెండు, మాట్లాడనివాళ్ళు ఎవరు? ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, శవాల గది బయట కూర్చున్నవాళ్ళు ఇంకా నోరు విప్పలేదు. వాళ్ళ మాట వచ్చేదాకా కథ సగమే. మూడు, ఇందులో లెక్కలు ఉన్నాయా, తిట్లే ఉన్నాయా? గేట్లు ఎన్ని, టికెట్లు ఎన్ని, ఎన్నింటికి తెరిచారు, ఎవరు ఆదేశించారు అని రాసిన వార్త కాస్త నిలబడుతుంది. జనం తీరు గురించి మాత్రమే రాసిన వార్త ఎవరినో కాపాడుతోందేమో చూడాలి.

ఒప్పుకుంటాను, అన్నిసార్లూ పాలకులదే తప్పు అని తేలదు. హేసెల్‌లో తేలలేదు. గుంపులో కొందరు నిజంగా దుడుకుగా ఉండొచ్చు. కానీ అది తేల్చాల్సిన విషయం, ముందే పెట్టుకోవాల్సిన శీర్షిక కాదు.

లివర్‌పూల్‌లో ఈ సంగతిని ఏ చదువూ అక్కర్లేకుండా పాటిస్తున్నారు. పొద్దున్నే పాలు కొనుక్కుని, పక్కనున్న పేపర్ల స్టాండ్ వైపు చూసి, ఒక్కదాన్ని ముట్టకుండా ఇంటికి పోతారు. దానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, జ్ఞాపకం ఉంటే చాలు. మన రూముల్లో ఈసారి ఎవడైనా "ఎవడు వెళ్ళమన్నాడు?" అంటే, "గేట్లు ఎన్ని ఉన్నాయి రా?" అని తిరిగి అడుగుదాం. చదువుతున్నది ఇంజనీరింగే కదా.